గణాంక విద్యకు బాటలు వేసిన ఆచార్యుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్

(జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఒక జిల్లాలో ఈ ఏడాది ఎన్ని క్వింటాళ్ల ధాన్యం పండింది, ఎంత మందికి ఉపాధి లభించింది, ఒక కుటుంబం నెలకు ఆహారంపై ఎంత వెచ్చిస్తున్నది అన్న ప్రశ్నలకు సమాధానాలు లేనిదే ఏ ప్రభుత్వమూ ప్రణాళిక రచించలేదు. ఆ సమాధానాలను సేకరించడం ఒక శాస్త్రమని, ఆ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో బోధించి తీరాలని, బోధన పొందిన యువకులు ప్రభుత్వ గణాంక వ్యవస్థకు వెన్నెముకగా నిలవాలని మన దేశంలో తొలుత సంకల్పించి, ఆ సంకల్పాన్ని సాధించి చూపిన మహనీయుడు ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన జన్మదినమైన జూన్ 29వ తేదీని భారత ప్రభుత్వం 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా పాటిస్తున్నది. ఈ సందర్భంగా ఆయన జీవిత విశేషాలను, ముఖ్యంగా గణాంక విద్యారంగానికి ఆయన చేసిన సేవలను స్మరించుకోవడం సముచితం.

బాల్యం, విద్యాభ్యాసం

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తా నగరంలో జన్మించారు. తండ్రి ప్రబోధ చంద్ర, తల్లి నీరోదబాసిని. తాత గురుచరణ్ మహలనోబిస్ బ్రహ్మసమాజంలో క్రియాశీలంగా పాల్గొన్నవారు. సంస్కరణ భావాలు, విద్యాగోష్ఠులు వెల్లివిరిసే ఇంట పెరిగిన ఆ బాలుడు బ్రహ్మ బాలుర పాఠశాలలో ప్రాథమిక విద్య ముగించుకొని, 1908లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి దిగ్గజాలు అప్పుడు అక్కడ ఆచార్యులుగా ఉండేవారు. 1912లో భౌతికశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందిన మహలనోబిస్ ఉన్నత విద్యకై 1913లో ఇంగ్లాండుకు పయనమయ్యారు.

లండన్ విశ్వవిద్యాలయంలో చేరాలని వెళ్లిన ఆయన ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, లండన్‌కు తిరిగివచ్చే ఆఖరి రైలును అందుకోలేకపోయారు. ఆ రాత్రి మిత్రుని వద్ద బస చేయవలసి వచ్చింది. కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిర సౌందర్యానికి ముగ్ధులైన ఆయన, మిత్రుని సలహా మేరకు మరునాడు అక్కడే ప్రవేశానికి దరఖాస్తు చేసి చేరిపోయారు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు స్నేహం కుదిరింది కూడా కేంబ్రిడ్జిలోనే. చలికి వణుకుతున్న రామానుజన్‌కు మంచం మీది కంబళ్ల మడతల లోపలికి దూరి పడుకోవడం ఎలాగో చూపించినది మహలనోబిస్సేనన్న ఉదంతం సుప్రసిద్ధం. 1915లో ఆయన భౌతికశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు.

జీవితాన్ని మలుపు తిప్పిన గ్రంథాలు

కొద్దికాలం సెలవు గడిపి తిరిగి కేంబ్రిడ్జిలో పరిశోధన కొనసాగించాలన్నది ఆయన ఆలోచన. ప్రపంచ యుద్ధం కారణంగా ఓడ బయలుదేరడం ఆలస్యమైంది. ఆ విరామంలో కళాశాల గ్రంథాలయంలో కాలం గడుపుతున్న ఆయన దృష్టిని మెకాలే అనే అధ్యాపకుడు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాల వైపు మళ్లించారు. జీవరాశుల కొలతలను గణితపద్ధతులతో విశ్లేషించే ఆ పత్రిక ఆయనను ఎంతగానో ఆకర్షించింది. లభ్యమైన సంపుటాలన్నింటినీ కొనుగోలు చేసి, ఓడ ప్రయాణంలో చదవడం ఆరంభించారు. వాతావరణం, మానవ శరీర కొలతలు, పంటలు, పరీక్షా ఫలితాలు వంటి వేర్వేరు విషయాలను ఒకే శాస్త్రపద్ధతితో పరిశీలించవచ్చునన్న భావన ఆ ప్రయాణంలోనే ఆయన మనసులో నాటుకున్నది.

కలకత్తా చేరిన తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడు యుద్ధ విధులకు వెళ్లడంతో ఏర్పడిన ఖాళీలో ఆయన తాత్కాలికంగా చేరారు. ఆ తాత్కాలిక ఉద్యోగం మూడు దశాబ్దాలకు పైగా కొనసాగింది. 1945 నుండి 1948 వరకు ఆయన ఆ కళాశాల ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. దేశంలో గణాంకశాస్త్రానికి ఆద్యునిగా కీర్తి పొందిన వ్యక్తి వృత్తిరీత్యా భౌతికశాస్త్రం బోధించిన అధ్యాపకుడు కావడం గమనార్హం. నాడు గణాంకశాస్త్రానికి ఈ దేశంలో ప్రత్యేక శాఖ గాని, పట్టా గాని, పాఠ్యప్రణాళిక గాని లేవు.

1917లో తత్త్వవేత్త ఆచార్య బ్రజేంద్రనాథ్ శీల్ కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను విశ్లేషించే పనిని ఆయనకు అప్పగించారు. విద్యార్థుల మార్కుల జాబితాలు ఆయన తొలి గణాంక సామగ్రి అయ్యాయి. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ సమావేశాలలో జంతుశాస్త్ర సర్వే సంస్థ అధిపతి నెల్సన్ అన్నండేల్‌తో పరిచయం కలిగింది. ఆయన అందజేసిన, కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలపై మహలనోబిస్ ప్రచురించిన పరిశోధనా వ్యాసం ఈ రంగంలో ఆయన తొలి రచన. ఈ కృషి క్రమంగా పరిణతి చెంది, 1936లో మహలనోబిస్ దూరం అనే సిద్ధాంతంగా రూపుదాల్చింది. రెండు సమూహాల మధ్య గల భేదాన్ని అనేక లక్షణాల ఆధారంగా ఒకే సంఖ్యలో కొలిచే ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా గణాంక పాఠ్యగ్రంథాలలో స్థానం పొందింది. నేటి కంప్యూటర్ శాస్త్రంలో సైతం ఇది విస్తృతంగా వినియోగంలో ఉంది.

వరదల లెక్కలు చెప్పిన పాఠం

ప్రభుత్వ నిర్ణయాలకు గణాంకాలు ఎంతగా దోహదపడతాయో తొలిసారి నిరూపించిన సందర్భాలు వరదలకు సంబంధించినవి. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. భారీ వ్యయంతో నీటిని నిలువరించే జలాశయాలు నిర్మించాలని ఇంజనీర్లు ప్రతిపాదించారు. మహలనోబిస్ సుమారు యాభై ఏళ్ల వర్షపాతం, వరదల వివరాలను పరిశీలించి, ఆ జలాశయాల వల్ల ప్రయోజనం ఉండదని, నీరు త్వరగా బయటకు పోయే మార్గాలను మెరుగుపరచడమే అవసరమని నిర్ధారించారు.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి తీవ్రమైన వరద వచ్చింది. నదీగర్భం పూడి ఎత్తు పెరిగిందని, కావున కరకట్టల ఎత్తు పెంచాలని నిపుణులు అభిప్రాయపడ్డారు. దాదాపు అరవై ఏళ్ల కొలతలను విశ్లేషించిన మహలనోబిస్ నదీగర్భం పెరగలేదని, ఎగువ ప్రాంతంలో కురిసిన అధిక వర్షమే వరదకు కారణమని తేల్చారు. ఎగువన ఆనకట్టలు నిర్మించి వరద నియంత్రణ, సేద్యపు నీరు, విద్యుత్తు మూడింటినీ సాధించవచ్చునని ఆయన సూచించారు. మహానదిపై 1957లో ప్రారంభమైన హిరాకుడ్ బహుళార్థసాధక ప్రాజెక్టుకు ఆయన లెక్కలు ఒక పునాదిగా నిలిచాయి. కార్యాలయ దస్త్రాలలో నిరుపయోగంగా పడివున్న పాత అంకెలు సక్రమంగా చదవగలవారి చేతికి అందితే కోట్లాది రూపాయల వ్యర్థ వ్యయాన్ని నివారించగలవని ఈ రెండు ఉదంతాలు స్పష్టం చేశాయి. అయితే ఆ విధంగా చదవగలవారు దేశంలో వేళ్లపై లెక్కించదగినంత మంది కూడా లేరు. వారిని తయారుచేయవలసిన బాధ్యతను ఆయన తనపై వేసుకున్నారు.

రూ. 238 వ్యయంతో ఆరంభమైన సంస్థ

ప్రెసిడెన్సీ కళాశాలలో తన గదికి ఆనుకొని ఆయన ఏర్పాటు చేసుకున్న చిన్న గణాంక ప్రయోగశాల చుట్టూ కొందరు యువకులు చేరారు. 1931 డిసెంబర్ 17న భారతీయ గణాంక సంస్థ ఆవిర్భవించింది. 1932 ఏప్రిల్ 28న సొసైటీల చట్టం కింద నమోదైంది. పారిశ్రామికవేత్త సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ తొలి అధ్యక్షులు. మొదటి సంవత్సరంలో సంస్థ మొత్తం వ్యయం రూ. 238 మాత్రమే. 1933లో సంఖ్య అనే పేరుతో పత్రికను ఆరంభించారు. సంస్కృతంలో ఆ పదానికి లెక్క అనే అర్థంతో పాటు, చక్కగా వివేచించి తెలుసుకోవడం అనే అర్థమూ ఉంది. లెక్కించడం, వివేచించడం ఒకే పనికి రెండు పార్శ్వాలన్న తన విశ్వాసాన్ని ఆ పేరుతోనే ఆయన ప్రకటించారు.

రాజ చంద్ర బోస్, సమరేంద్రనాథ్ రాయ్ వంటి ప్రతిభావంతులైన గణితజ్ఞులను ఆయన సంస్థలోకి ఆహ్వానించారు. ప్రభుత్వ శాఖలు, సంస్థానాలు పంపించే ఉద్యోగులకు స్వల్పకాలిక శిక్షణ ఇవ్వడం సంస్థ తొలినాళ్ల నుండి చేపట్టిన కార్యక్రమం. ప్రవేశపరీక్షలు, తరగతి గదులు లేని ఆ రోజుల్లో శిక్షణార్థులు నడుస్తున్న ప్రాజెక్టులలోనే పనిచేస్తూ శాస్త్రాన్ని నేర్చుకునేవారు. చేతితో తిప్పే గణన యంత్రాలపై లెక్కలు కట్టడం, ఒకరు చేసిన లెక్కను మరొకరు సరిచూడడం, పొలం నుండి వచ్చిన పత్రాలలో పొంతన లేని అంకెను గుర్తించి దానికి గల కారణం విచారించడం వారికి నిత్యకృత్యం. సిద్ధాంతం తెలిసి అంకె పుట్టుక తెలియని విద్యార్థి వల్ల ప్రభుత్వానికి గాని, శాస్త్రానికి గాని మేలు జరగదన్నది మహలనోబిస్ దృఢాభిప్రాయం.

జనపనార పొలాలే పాఠశాలలు

1937లో బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని, దిగుబడిని అంచనా వేసే బృహత్కార్యం ఆయన చేపట్టారు. రైత్వారీ విధానం అమలులో ఉన్న మన ప్రాంతంలో గ్రామ కరణాలు ఏటా ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారో అడంగళ్లలో నమోదు చేసేవారు. శాశ్వత శిస్తు విధానం గల బెంగాల్‌లో అటువంటి గ్రామ రెవెన్యూ యంత్రాంగమే లేదు. పంటల వివరాలు చాలావరకు చౌకీదార్లు చెప్పే ఉజ్జాయింపు అంచనాలపై ఆధారపడి ఉండేవి. అక్కడి అధికారిక అంకెలపై వ్యాపారులకు గాని, ప్రభుత్వానికి గాని నమ్మకం తక్కువ.

ప్రతి పొలాన్నీ పరిశీలించడానికి బదులుగా, పక్షపాతానికి తావులేని రీతిలో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన కొన్ని భాగాలను మాత్రమే శ్రద్ధగా కొలిచి, వాటి ఆధారంగా మొత్తాన్ని అంచనా వేయడం నమూనా సర్వే పద్ధతి. మహలనోబిస్ దీనిని కొన్ని గ్రామాలలో పైలట్ సర్వేతో ఆరంభించి, ఏటా విస్తరిస్తూ, 1941 నాటికి బెంగాల్ రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. ఒక్కొక్క నమూనాకు ఎంత ఖర్చవుతుంది, సిబ్బంది ప్రయాణానికి ఎంత సమయం పడుతుంది, ఎంత దోషం మిగులుతుంది అన్నవాటిని ముందుగానే లెక్కించి, ఉన్న నిధులతో అత్యధిక కచ్చితత్వం సాధించే విధంగా సర్వేను రూపొందించారు. ప్రతి పొలాన్నీ లెక్కించే పద్ధతికయ్యే వ్యయంలో స్వల్ప భాగంతోనే నమ్మదగిన ఫలితాలు సాధ్యమని ఈ సర్వేలు నిరూపించాయి.

పొలంలో జరిగే పొరపాట్లను పసిగట్టడానికి ఆయన ప్రవేశపెట్టిన మరొక పద్ధతి విశేషమైనది. ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు నమూనాలను ఎంపిక చేసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలకు అప్పగించేవారు. రెండు ఫలితాలు దగ్గరగా ఉంటే అంకె విశ్వసనీయం. ఎక్కువ తేడా వస్తే పొరపాటు ఎక్కడో జరిగిందని గుర్తించి విచారణ జరిపేవారు. అధికారిక అంకెకు తనను తాను పరీక్షించుకునే శక్తిని కల్పించిన ఈ విధానం అనంతర కాలంలో జాతీయ సర్వేలలోనూ అనుసరించబడింది.

కరవు మిగిల్చిన ప్రశ్నలు

1943లో బెంగాల్‌ను భయంకరమైన కరవు కబళించింది. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా వేయగా, అనంతర పరిశోధకులు అది 30 లక్షల వరకు ఉండవచ్చునని అభిప్రాయపడ్డారు. ఆ ఏడాది రాష్ట్రంలో ఎంత బియ్యం ఉన్నది, ఎంత లోటు ఉన్నది అన్న మౌలిక ప్రశ్నకు కూడా అధికారుల వద్ద నమ్మదగిన సమాధానం లేకపోయింది. తప్పుడు అంకెల మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వస్తుందన్న సత్యాన్ని ఆ విపత్తు చాటింది.

కరవు అనంతరం మహలనోబిస్ నాయకత్వంలో గణాంక సంస్థ కార్యకర్తలు కలకత్తా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర ఆచార్యుల సహకారంతో గ్రామాలకు వెళ్లి కుటుంబాలను సర్వే చేశారు. భూమిలేని వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు, చేతివృత్తులవారు అందరికన్నా ఎక్కువగా నష్టపోయారని, చిన్న రైతులు భూములు అమ్ముకొని కూలీలుగా మారారని, ఈ పతనం కరవుకు ముందే ఆరంభమైందని ఆ నివేదిక వెల్లడించింది. 1946లో ప్రచురితమైన ఆ అధ్యయనం విపత్తుల ప్రభావాన్ని శాస్త్రీయంగా కొలిచిన తొలి ప్రయత్నాలలో ఒకటి.

విశ్వవిద్యాలయంలో తొలి శాఖ

దేశ అవసరాలకు సంస్థలో ఇచ్చే శిక్షణ ఒక్కటే చాలదని, విశ్వవిద్యాలయ పట్టా ఉన్నప్పుడే ప్రతిభావంతులైన విద్యార్థులు ఈ రంగానికి వస్తారని మహలనోబిస్ భావించారు. గణాంకశాస్త్రం గణితంలో ఒక అంశమే తప్ప స్వతంత్ర శాస్త్రం కాదన్న వాదన ఆనాడు బలంగా ఉండేది. ఆ వాదనను అధిగమించి 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం గణాంకశాస్త్రంలో స్నాతకోత్తర శాఖను ప్రారంభించింది. దేశంలో ఇదే మొదటిది. మహలనోబిస్ గౌరవ శాఖాధిపతిగా బాధ్యతలు నిర్వహించారు. భారతీయ గణాంక సంస్థలోని పరిశోధకులే అక్కడ పాఠాలు చెప్పేవారు. ఉదయం సర్వే ఫలితాలు విశ్లేషించినవారే సాయంత్రం తరగతి గదిలో నిలబడడం వల్ల, పాఠానికి, ప్రభుత్వ అంకెకు మధ్య దూరం తగ్గింది.

ఆ తొలి విద్యార్థులలో ఒకరు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణ రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి గణితంలో ఎం.ఏ. పట్టా పొందిన రావు, సైన్య సర్వే విభాగంలో ఉద్యోగం ఆశించి 1940లో కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం లభించలేదు. బొంబాయి నుండి శిక్షణకు వచ్చిన ఒక యువకుని ద్వారా గణాంక సంస్థ గురించి తెలుసుకొని, 1941 జనవరిలో అందులో చేరారు. అదే సంవత్సరం ప్రారంభమైన ఎం.ఏ. తరగతిలో ప్రవేశించి, 1943లో ప్రథమ శ్రేణిలో ప్రథములుగా ఉత్తీర్ణులై స్వర్ణపతకం గెలుచుకున్నారు.

అనంతరం అదే విశ్వవిద్యాలయంలో రావు బోధిస్తుండగా వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి తరగతిలో ఒక సందేహం వెలిబుచ్చారు. పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అన్నది ఆ సందేహ సారాంశం. ఆ రాత్రే రావు దానికి సమాధానం కనుగొన్నారు. 1945లో ప్రచురితమైన ఆ ఫలితం క్రామర్ రావు అసమానతగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. సందేహం అడిగిన దండేకర్ కూడా సామాన్యుడు కారు. అర్థశాస్త్రవేత్తగా ఎదిగి, నీలకంఠ రథ్‌తో కలిసి జాతీయ నమూనా సర్వే అంకెల ఆధారంగా దేశంలోని పేదరికంపై 1971లో వెలువరించిన అధ్యయనం విధాన నిర్ణేతలను ఆలోచింపజేసింది. ఒక తరగతి గదిలో తలెత్తిన ఒకే ప్రశ్న ఒకవైపు శాస్త్ర సిద్ధాంతానికి దారితీయగా, ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి అధికార గణాంకాలను ప్రజల బాగోగులను కొలిచే సాధనంగా మలచడం మహలనోబిస్ నెలకొల్పిన విద్యావిధానానికి నిలువెత్తు నిదర్శనం.

1946లో రావును మహలనోబిస్ కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా వద్ద లభించిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ దూరం పద్ధతిలో విశ్లేషించడం ఆయనకు అప్పగించిన పని. రావు అక్కడే ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేట్ పొందారు. గురువు మరణానంతరం సంస్థ బాధ్యతలు స్వీకరించినది కూడా ఈ శిష్యుడే. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్న సి.ఆర్. రావు 2023 ఆగస్టు 22న తన 102వ ఏట కన్నుమూశారు.

స్వతంత్ర భారత గణాంక వ్యవస్థ

స్వాతంత్ర్యానంతరం ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మహలనోబిస్ సేవలను వినియోగించుకున్నారు. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారుగా ఆయన నియమితులయ్యారు. అదే సంవత్సరం ఆయన అధ్యక్షతన డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘం ఏర్పడింది. 1951లో కేంద్ర గణాంక సంస్థ రూపుదాల్చింది.

జాతీయాదాయాన్ని లెక్కించబూనినపుడు గ్రామీణ కుటుంబాల ఆదాయ వ్యయాలకు సంబంధించిన సమాచారం శూన్యమని తేలింది. ఆ లోటును పూరించేందుకు 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైంది. 1950 అక్టోబర్ నుండి 1951 మార్చి వరకు జరిగిన తొలి విడతలో దేశంలోని లక్షలాది గ్రామాల నుండి 1,833 గ్రామాలను ఎంపిక చేశారు. భాషలు వేరు, భూమి కొలతలు వేరు, ధాన్యం కొలిచే మానికలు వేరు, రహదారులు లేని గ్రామాలు అనేకం. శిక్షణ పొందిన పరిశోధకులు కాలినడకన, ఎడ్లబండ్లపై వెళ్లి ఇంటింటి వివరాలు సేకరించారు. ఇంతటి విశాల దేశంలో ఒకే సమయంలో ఒకే ప్రశ్నావళితో ఇటువంటి సర్వే జరగడం ప్రపంచ గణాంక నిపుణుల ప్రశంసలందుకున్నది. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘానికి చెందిన నమూనా పద్ధతుల ఉపసంఘానికి 1947 నుండి 1951 వరకు మహలనోబిస్ అధ్యక్షత వహించారు.

సర్వేలు విస్తరించిన కొద్దీ శిక్షణ అవసరమూ పెరిగింది. 1950లో కలకత్తాలో అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం ఏర్పాటైంది. భారత ప్రభుత్వం, యునెస్కో, అంతర్జాతీయ గణాంక సంస్థల సహకారంతో భారతీయ గణాంక సంస్థ దీనిని నిర్వహించింది. ఆసియా, ఆఫ్రికా దేశాల గణాంక కార్యాలయాల ఉద్యోగులు ఇక్కడికి వచ్చి సిద్ధాంతంతో పాటు జనగణన, పంటల అంచనాలు, ధరల సూచికల తయారీ వంటి ప్రభుత్వ గణాంక అంశాలలో శిక్షణ పొందారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన పలు దేశాల గణాంక వ్యవస్థలకు ఈ విధంగా మన దేశం తోడ్పాటునందించింది. 1955 నాటికి బ్రిటన్ నుండి తెప్పించిన కంప్యూటర్‌ను సంస్థలో ఏర్పాటు చేశారు. దేశంలో నెలకొల్పబడిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఇదే.

పట్టా ఇచ్చే అధికారం

ఇంతటి కృషి జరిగినప్పటికీ సంస్థకు స్వయంగా పట్టాలు ప్రదానం చేసే అధికారం లేకపోయింది. 1959లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ద్వారా భారతీయ గణాంక సంస్థ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొంది, గణాంకశాస్త్రంలో డిగ్రీలు, డిప్లొమాలు ఇచ్చే అధికారం సంపాదించుకున్నది. ఆ చట్టం 1960 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం బి.స్టాట్., ఎం.స్టాట్. కోర్సులు ప్రారంభమయ్యాయి.

ఆ పాఠ్యప్రణాళికలో మహలనోబిస్ దృక్పథం ప్రస్ఫుటమవుతుంది. గణాంకశాస్త్ర విద్యార్థి భౌతిక, జీవ, భూగర్భ శాస్త్రాలను, అర్థశాస్త్రాన్ని కూడా కొంతమేరకు అభ్యసించాలని ఆయన నిర్దేశించారు. ఇతర శాస్త్రాలకు ఉపకరించని గణాంకశాస్త్రం నిష్ప్రయోజనమని, సమస్య స్వభావం తెలియనివాడు అంకెలను అర్థం చేసుకోలేడని ఆయన విశ్వసించారు. విద్యార్థులు స్వయంగా కొలవాలి, కొలతలో దొర్లే దోషాన్ని స్వయంగా చూడాలి, ఆ తరువాతనే సూత్రాన్ని వర్తింపజేయాలి. 1961లో భారత గణాంక సర్వీసు ఏర్పడినపుడు, ఈ విధమైన విద్య పొందిన యువతకు ప్రభుత్వంలో సముచిత స్థానం లభించే అవకాశం కలిగింది.

విమర్శలు, చివరి సంవత్సరాలు

మహలనోబిస్ ఆలోచనలు విమర్శలకు అతీతం కాలేదు. పంట కోత ప్రయోగాలలో చిన్న పరిమాణం గల కోతలను ఆయన సమర్థించగా, చిన్న కోతల వల్ల దిగుబడి ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉందని పి.వి. సుఖాత్మే వాదించారు. ప్రత్యేక పరిశోధకులను నియమించాలా, రెవెన్యూ సిబ్బందినే వినియోగించాలా అన్న విషయంపై కూడా వారిరువురి మధ్య భేదాభిప్రాయాలు కొనసాగాయి. ఆ చర్చ ఫలితంగా దేశంలో పంటల అంచనా పద్ధతులు మరింత పదునెక్కాయన్నది నిర్వివాదాంశం.

రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన రూపొందించిన నమూనా భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. వనరుల లభ్యతను ఎక్కువగా ఊహించారని ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ 1955లోనే అసమ్మతి తెలిపారు. వ్యవసాయానికి తగిన ప్రాధాన్యం లభించలేదన్న విమర్శ తరువాతి దశాబ్దాలలోనూ వినవచ్చింది. అయితే ప్రణాళిక ఫలాలు ఎవరికి దక్కాయన్న ప్రశ్నను పరిశీలించే బాధ్యతను కూడా ఆయన వెనుదీయక స్వీకరించారు. ఆదాయ పంపిణీ, జీవన ప్రమాణాలపై 1960లో నియమితమైన సంఘానికి ఆయనే అధ్యక్షులు. సంపద కొద్దిమంది చేతుల్లో కేంద్రీకృతమవుతున్న తీరును 1964లో వెలువడిన ఆ సంఘ నివేదిక చర్చించింది.

1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. తాను పురుడుపోసిన జాతీయ నమూనా సర్వేను ప్రభుత్వం తన ప్రత్యక్ష నిర్వహణలోకి తీసుకునేందుకు 1970లో నిర్ణయించింది. విద్య, పరిశోధన, సర్వే ఒకే గొడుగు కింద ఉండాలని జీవితమంతా తపించిన ఆయనకు చివరి దశలో ఎదురైన ఈ విభజన సామాన్యమైనది కాదు. శస్త్రచికిత్స అనంతరం 1972 జూన్ 28న, తన 79వ జన్మదినానికి ఒక్క రోజు ముందు, ఆయన కలకత్తాలో తుదిశ్వాస విడిచారు. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్‌కు సన్నిహితులుగా, 1921 నుండి పదేళ్లపాటు విశ్వభారతి కార్యదర్శులలో ఒకరిగా ఆయన అందించిన సేవలు మరొక అధ్యాయం. ఆ కృషిలోనూ, సంస్థ నిర్వహణలోనూ సహధర్మచారిణి నిర్మల కుమారి ఆయనకు చేదోడువాదోడుగా నిలిచారు.

నేటి తరానికి స్ఫూర్తి

మహలనోబిస్ 125వ జయంతిని పురస్కరించుకొని 2018 జూన్ 29న కోల్‌కతాలో నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్య నాయుడు రూ. 125 స్మారక నాణాన్ని, రూ. 5 నాణాన్ని విడుదల చేశారు. ఆయన స్థాపించిన సంస్థకు హైదరాబాద్‌లో కూడా కేంద్రం ఉంది. ఆయన ప్రియశిష్యుని పేరిట హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గణితం, గణాంకం, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నత అధ్యయన సంస్థ పనిచేస్తున్నది. నాడు ఆయన ఆరంభించిన పంట కోత ప్రయోగాలు, కుటుంబ వ్యయ సర్వేలు తెలుగు రాష్ట్రాల గ్రామాలలో కూడా జరుగుతున్నాయి.

ఒక అంకెను ప్రకటించే అధికారికి, దానిని ప్రజలకు చేరవేసే పాత్రికేయునికి మహలనోబిస్ జీవితం అందించే సందేశం ఒక్కటే. ఈ అంకెను ఎవరు సేకరించారు, ఎన్ని గ్రామాలు లేదా కుటుంబాల నుండి సేకరించారు, ఏ పద్ధతిలో ఎంపిక చేశారు, ఇందులో దోషానికి ఎంత అవకాశం ఉంది అన్న నాలుగు ప్రశ్నలను ప్రతి సందర్భంలోనూ వేసుకోవాలి. ఈ ప్రశ్నలు వేయగల యువతీయువకులను విశ్వవిద్యాలయాలు తీర్చిదిద్దాలి. విద్యార్థులు ప్రభుత్వ నివేదికలలోని పట్టికలను చదవడంతో సరిపెట్టుకోక, ఆ పట్టికలోని ఒక్కొక్క గడి వెనుక ఒక పొలం గట్టు, ఒక ఇంటి గడప, ఎండలో తిరిగిన ఒక పరిశోధకుని శ్రమ ఉన్నాయని గ్రహించాలి. వారికి ఆ అవకాశం కల్పించేందుకు గణాంక శాఖలు, విశ్వవిద్యాలయాలు చేయి చేయి కలిపి పనిచేసినపుడే ఆ ఆచార్యునికి నిజమైన నివాళి అర్పించినవారమవుతాము.